నెట్ లేని ల్యాబులో జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లు ఎలా నడుస్తాయి?

వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. నెట్ పోయిందంటే ఇక పని కాదు, అంతే. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఈ మాట తరచూ వింటుంటాను. గదిలో అరవై సిస్టమ్‌లు ఉంటాయి, అన్నిటికీ కలిపి ఒకటే లైను. అందరూ ఒకేసారి ప్రాజెక్టు తెరిచి లైబ్రరీలు దింపుకోవడం మొదలుపెడితే ఎవరికీ సరిగా రావు. ‘నెట్ రావట్లేదు సార్, ఇవాళ్టికి అవ్వదు’ అని ఒకరు లేస్తారు. వెనకే మిగతావాళ్లూ లేస్తారు.

చాలాసార్లు ఆ పిల్లలకు కావలసినవన్నీ అప్పటికే వాళ్ల ముందున్న సిస్టమ్‌లోనే ఉంటాయి. రాసిన కోడ్ అక్కడే ఉంది. కిందటి వారం దింపుకున్న లైబ్రరీలు అక్కడే ఉన్నాయి. బ్రౌజర్ కూడా అక్కడే ఉంది. మూడూ ఒకే డిస్క్ మీద ఉన్నప్పుడు మధ్యలో ఇంటర్నెట్‌కి పనేముంది? జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి నెట్ నిజంగా అవసరమయ్యేది ఒక్క ఘట్టంలోనే: లైబ్రరీని మొదటిసారి తెచ్చుకునేటప్పుడు. ఆ ఘట్టాన్ని మిగతా పని నుంచి విడదీస్తే, మిగిలినదంతా ఒక చిన్న కమాండ్‌లైన్ సర్వర్ చూసుకుంటుంది. అది లోపల ఏం చేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

ఆఫ్‌లైన్ అనగానే తుఫాన్లు, వరదలు గుర్తొస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు జనానికి తాగునీళ్లే దొరకలేదు. అలాంటి రోజున కోడ్ గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించకూడదు కూడా. నేను మాట్లాడేది మామూలు రోజుల గురించి. హాస్టల్ వైఫై ఊగిసలాడే రాత్రులు, ఫోన్ డేటా అయిపోయిన సాయంత్రాలు, లైను మీద అరవైమంది పడ్డ ల్యాబ్ గంటలు.

మాట గాల్లో పోకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. ఒక అమ్మాయి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే వాళ్ల నాన్న కోసం చిన్న పేజీ తయారు చేస్తోందనుకోండి. రకం తేజానా, 334నా, బ్యాడిగీనా, ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, క్వింటా ధరెంత, ఏ తేదీన, ఇంతే. తెర మీద పట్టిక గీయడానికి లిట్ అనే లైబ్రరీ, తేదీల కోసం డే జేఎస్ అనే లైబ్రరీ వాడింది. తన ఫైల్లో మొదటి రెండు వరుసల్లో ఈ రెండింటినీ ఇంపోర్ట్ చేసింది. ఇక హెచ్‌టీఎంఎల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసింది. తెల్ల పేజీ. ఏమీ రాలేదు.

డబుల్ క్లిక్‌తో ఎందుకు తెరుచుకోదు

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తయారు చేసినప్పుడు మాడ్యూల్ అన్న ఆలోచనే, అంటే కోడ్‌ని విడి ఫైళ్లుగా రాసి ఒకదాన్నుంచి ఇంకోదాన్ని పిలుచుకునే ఏర్పాటే, అందులో లేదు. పేజీలో స్క్రిప్టులు ఒకదాని కింద ఒకటి పెట్టేవాళ్లు, అన్నీ ఒకే ఉమ్మడి చోట పేర్లు పంచుకునేవి. అలాంటి పాత స్క్రిప్టుని డిస్క్ మీద నుంచి నేరుగా తెరిచినా నడుస్తుంది, ఇప్పటికీ. అందుకే చాలామంది మొదటి పాఠాల్లో సర్వర్ ఊసే ఉండదు.

ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అనే పద్ధతి 2015 జూన్‌లో భాషా ప్రమాణంలోకి వచ్చింది. బ్రౌజర్లు దాన్ని అందుకోవడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. 2017లో సఫారీ, క్రోమ్, ఎడ్జ్ వరుసగా ఇచ్చాయి, 2018 మేలో ఫైర్‌ఫాక్స్ ఇచ్చింది. ఈ కొత్త మాడ్యూళ్లకు బ్రౌజర్ తయారీదారులు నియమాలు గట్టిగా పెట్టారు. పాత స్క్రిప్టుల విషయంలో చూసీచూడనట్టు వదిలేసినవి ఇక్కడ వదల్లేదు.

అందులో మొదటిది, మాడ్యూల్ ఏ మూలం నుంచి, అంటే ఏ సైటు అడ్రస్ నుంచి, వస్తోందో బ్రౌజర్‌కి తెలియాలి. డిస్క్ మీద నుంచి నేరుగా తెరిచిన పేజీకి అలాంటి మూలం ఉండదు. బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్లో చూస్తే మూలం ‘నల్’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఏదో ఒక పేజీ మన డిస్క్ మీది ఫైళ్లన్నీ చదివేయకుండా పెట్టిన అడ్డు ఇది. కాబట్టి ఆ అమ్మాయి ఇంపోర్ట్ సరిగ్గానే రాసినా బ్రౌజర్ ఫైలుని ముట్టుకోదు. సర్వర్ తప్పనిసరి కావడానికి కారణం ఇదే. నెట్‌తో దీనికి సంబంధం లేదు. లోకల్‌హోస్ట్ అనే అడ్రస్ మన సిస్టమ్ తనతో తాను మాట్లాడుకునే దారి. కేబుల్ పీకేసినా, వైఫై కట్టేసినా ఆ దారి మూసుకుపోదు.

రెండోది ఇంకా చిన్న విషయం, కానీ గంటలు తినేస్తుంది. సర్వర్ ఏ ఫైలు పంపినా, అది ఎలాంటి ఫైలో చెప్పే ఒక ముక్క ముందు పంపుతుంది. మాడ్యూల్ విషయంలో ఆ ముక్క ‘జావాస్క్రిప్ట్’ అనే ఉండాలి. ‘మామూలు టెక్స్ట్’ అని ఉంటే బ్రౌజర్ ఫైలుని నడపదు. పైథాన్‌తో పాటు వచ్చే చిన్న సర్వర్‌ని మన ల్యాబుల్లో చాలామంది వాడతారు, మంచిదే. అయితే విండోస్‌లో అది ఫైళ్ల రకాలను విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ నుంచి కూడా చదువుతుంది. ఎప్పుడో ఇంకేదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అక్కడ జేఎస్ ఫైళ్లకు ‘టెక్స్ట్’ అని రాసిపోయి ఉంటే, పక్క సిస్టమ్‌లో నడిచిన ప్రాజెక్టు ఈ సిస్టమ్‌లో తెల్ల పేజీ చూపిస్తుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు. ఆ సంగతి తెలియక పిల్లలు కోడ్‌ని తిరగరాస్తూ కూర్చుంటారు. మాడ్యూళ్ల కోసమే చేసిన సర్వర్లు ఈ ముక్కని తామే సరిగ్గా పంపుతాయి. వాటిని వాడమనడానికి ఈ ఒక్క కారణం చాలు.

పేరు చెబితే చాలదు, అడ్రస్ కావాలి

సరే, సర్వర్ పెట్టాం. పేజీ తెరుచుకుంది. ఇప్పుడు కొత్త ఎర్ర అక్షరాలు. ‘లిట్’ అనే మాడ్యూల్ ఎక్కడుందో తేల్చుకోలేకపోయాను, అడ్రస్ అయితే స్లాష్‌తోనో చుక్క స్లాష్‌తోనో మొదలవ్వాలి అని బ్రౌజర్ అంటోంది.

మొత్తం విషయానికి ఇదే ముడి. గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగినవాడికి ‘డాక్టరు గారిల్లు’ అంటే చాలు, నడుచుకుంటూ వెళ్లిపోతాడు. కొత్తగా చేరిన కొరియర్ అబ్బాయికి మాత్రం ‘4/14’ అని చెప్పాలి, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. నోడ్, అంటే బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్, ఆ ఊరివాడు. బ్రౌజర్ ఆ కొరియర్ అబ్బాయి. ఇంపోర్ట్‌లో ఉత్త ‘లిట్’ అని రాస్తే నోడ్ దాన్ని వెతుక్కుంటుంది, బ్రౌజర్ వెతకదు.

నోడ్ ఎలా వెతుకుతుందో చూడండి. ముందు మన ఫైలున్న ఫోల్డర్లో నోడ్ మాడ్యూల్స్ అనే ఫోల్డర్ ఉందా అని చూస్తుంది. లేకపోతే ఒక మెట్టు పైకి వెళ్లి చూస్తుంది. అక్కడా లేకపోతే ఇంకో మెట్టు. డిస్క్ మొదలు దాకా ఇలా ఎక్కుతూనే ఉంటుంది. డిస్క్ మీద ఇలా వెతకడం క్షణంలో అయిపోతుంది. బ్రౌజర్ ఇదే పని నెట్ మీద చేయాలంటే ప్రతి మెట్టుకీ సర్వర్‌ని ఒకసారి అడగాలి, ‘లేదు’ అన్న జవాబు కోసం ఎదురుచూడాలి. వందల లైబ్రరీలకు ఇలా అడుగుతూ పోతే పేజీ తెరుచుకునేసరికి తెల్లారిపోతుంది. అందుకే ప్రమాణం రాసినవాళ్లు ఉత్త పేర్లను బ్రౌజర్లో నిషేధించారు, తర్వాత ఏదో ఒక దారి చూద్దామని ఖాళీ ఉంచారు.

నోడ్‌కి ఈ అలవాటు 2009 నుంచి ఉంది. ర్యాన్ డాల్ నోడ్‌ని విడుదల చేసిన ఏడాది అది. బ్రౌజర్‌కి మాడ్యూళ్లు లేని రోజుల్లో సర్వర్ వైపు వాళ్లు కామన్ జేఎస్ అనే సొంత పద్ధతి పెట్టుకున్నారు. ‘రిక్వైర్’ అని అడిగితే ఫైలు అక్కడికక్కడ డిస్క్ నుంచి చదివి ఇచ్చేయాలి, అంతవరకూ కోడ్ ఆగుతుంది. డిస్క్‌కి అది నప్పుతుంది. నెట్‌కి నప్పదు, పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. కాబట్టి బ్రౌజర్ల కోసం వచ్చిన కొత్త పద్ధతి వేరుగా వచ్చింది. ఆ రెండు పద్ధతుల మధ్య తేడాని ఇప్పటికీ మోస్తున్నాం. 2010లో వచ్చిన ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీల భాండాగారంలో రెండు రకాల ప్యాకేజీలూ కలగలిసి ఉన్నాయి.

ఆ చిన్న సర్వర్ చేసే పని

టెర్మినల్లో ఒక కమాండ్ కొడతాం. సర్వర్ మేలుకుని, ఫలానా పోర్టు దగ్గర ఉన్నాను అంటుంది. బ్రౌజర్ పేజీ అడుగుతుంది. అక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది.

ముందు వెతకడం. పేజీలో ‘లిట్’ అని ఉత్త పేరు కనబడగానే సర్వర్ నోడ్ వెతికినట్టే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లోకి వెళ్తుంది. అక్కడ లిట్ ఫోల్డర్ ఉంటుంది, కానీ లోపల పదుల కొద్దీ ఫైళ్లు ఉంటాయి. వాటిలో గుమ్మం ఏదో ప్యాకేజ్ జేసన్ అనే ఫైలు చెబుతుంది. పాత ప్యాకేజీల్లో ‘మెయిన్’ అనే ఒకే గడి ఉండేది. తర్వాత బండ్లర్లు, అంటే చాలా ఫైళ్లను కలిపి కట్టే టూల్స్, ‘మాడ్యూల్’ అనే గడిని అలవాటు చేశాయి, నోడ్ మాత్రం దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ‘ఎక్స్‌పోర్ట్స్’ అనే గడిని నోడ్ తెచ్చింది. ఇంపోర్ట్‌తో అడిగితే ఈ ఫైలు, రిక్వైర్‌తో అడిగితే ఆ ఫైలు, బ్రౌజర్‌కైతే ఇంకొకటి, డెవలప్‌మెంట్‌లో ఒకటి, ప్రొడక్షన్‌లో ఒకటి అని షరతులతో రాయొచ్చు. ఇవన్నీ చదివి, బ్రౌజర్‌కి సరిపోయే గుమ్మాన్ని ఎంచాలి. ఈ పని మన చేత్తో చేస్తే తప్పులు దొర్లడం ఖాయం. లైబ్రరీ కొత్త వెర్షన్ రాగానే దారులు మారిపోతాయి.

దొరికిన అడ్రస్‌ని బ్రౌజర్‌కి చెప్పడానికి రెండు దారులున్నాయి. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

మొదటి దారిలో సర్వర్ మన ఫైలుని పంపే ముందు అందులోని ఇంపోర్ట్ వరుసల్ని తిరగరాస్తుంది. ‘లిట్’ అన్న చోట నోడ్ మాడ్యూల్స్‌లోని పూర్తి దారి పెడుతుంది. డిస్క్ మీద మన ఫైలు మారదు, బ్రౌజర్‌కి వెళ్లే కాపీ మాత్రమే మారుతుంది. వీట్ అనే డెవలప్‌మెంట్ సర్వర్ చేసేది ఇదే. వెబ్ డెవ్ సర్వర్ అనే ఇంకో చిన్న టూల్లో నోడ్ రిజాల్వ్ అనే ఫ్లాగ్ (కమాండ్‌కి తగిలించే ఎంపిక) పెడితే అదీ ఇదే చేస్తుంది. రెండో దారి ఇంపోర్ట్ మ్యాప్. పేజీ పైభాగంలో ఒక పట్టిక పెడతాం: ఈ పేరుకి ఈ అడ్రస్. బ్రౌజర్ ఆ పట్టిక చూసుకుని తనే వెళ్తుంది. మన కోడ్‌ని ఎవరూ ముట్టుకోరు. 2021లో క్రోమ్, 2022 చివర్లో ఫైర్‌ఫాక్స్, 2023 మార్చిలో సఫారీ దీన్ని ఇచ్చాయి, అంటే ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిట్లో ఉన్నట్టే.

నేర్చుకునేవాళ్లకు ఇంపోర్ట్ మ్యాపే మంచిదని నా అభిప్రాయం. అందులో దాపరికం లేదు. పేజీ సోర్స్ తెరిస్తే ఏ పేరు ఎక్కడికి పోతోందో కళ్ల ముందు కనబడుతుంది. పైగా ఇంపోర్ట్ చేయాల్సిన పేరుని కోడ్ నడిచేటప్పుడు కూర్చుకునే సందర్భాలుంటాయి, ఉదాహరణకు భాషని బట్టి ఒక ఫైలు తెచ్చుకోవడం. తిరగరాసే సర్వర్‌కి ఆ పేరు ముందుగా తెలియదు, అక్కడ అది ఊహ మీద ఆధారపడాలి. పట్టికకి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే బ్రౌజర్ దాన్ని నడిచే సమయంలోనే చూస్తుంది.

పట్టికతో వచ్చే చిక్కు ఒకటుంది. మిర్చి పేజీ అమ్మాయి పట్టికలో ‘లిట్’ ఒక్కటే రాస్తే పని కాదు. లిట్ ఫైలు తెరిచి చూస్తే అది లోపల లిట్ హెచ్‌టీఎంఎల్, లిట్ ఎలిమెంట్, రియాక్టివ్ ఎలిమెంట్ అనే ఇంకో మూడు ప్యాకేజీలను ఉత్త పేర్లతోనే ఇంపోర్ట్ చేస్తుంది. వాటికీ పట్టికలో చోటు ఇవ్వాలి. పెద్ద లైబ్రరీ అయితే ఈ గొలుసు చాలా దూరం పోతుంది. కమాండ్‌లైన్ టూల్ ఈ గొలుసంతా నడిచి పట్టికని తనే తయారు చేసిస్తే పిల్లల మీద భారం పడదు. జేఎస్‌పీఎం అనే టూల్ డిస్క్ మీదున్న నోడ్ మాడ్యూల్స్‌ని చూసి ఇలాంటి పట్టికను తయారు చేయగలదు.

ఆమె రెండో లైబ్రరీ, డే జేఎస్, ఇంకో రకమైన తలనొప్పి తెస్తుంది. దాని ప్యాకేజీలో కొత్త పద్ధతి మాడ్యూళ్లున్న ఒక ఫోల్డర్ ఉంది. అందులోని ఫైళ్లు పక్క ఫైళ్లను పిలిచేటప్పుడు చివర జేఎస్ అని ఎక్స్‌టెన్షన్ రాయవు. రిక్వైర్ అలవాటున్న లోకంలో అది చెల్లుతుంది, ఎక్స్‌టెన్షన్ లేకపోతే తగిలించి చూస్తారు, ఫోల్డర్ అయితే లోపలి ఇండెక్స్ ఫైలు చూస్తారు. బ్రౌజర్ రాసింది రాసినట్టే అడుగుతుంది. అలాంటి ఫైలు లేదు కాబట్టి 404, అంటే ‘దొరకలేదు’ అన్న జవాబు. మంచి సర్వర్ ఇక్కడ బ్రౌజర్ తరఫున ఆ తగిలించే పని చేస్తుంది.

ఇక అన్నిటికంటే కష్టమైనది మార్పిడి. పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ అనే లైబ్రరీనే తీసుకోండి. ఇన్నేళ్లయినా ఎన్‌పీఎంలో దొరికే రియాక్ట్ ప్యాకేజీ కామన్ జేఎస్ పద్ధతిలోనే ఉంటుంది. దాని గుమ్మం దగ్గరి ఫైలు ముందుగా నోడ్‌లో మాత్రమే ఉండే ‘ప్రాసెస్’ అనే వస్తువుని అడిగి, ఇది డెవలప్‌మెంటా ప్రొడక్షనా అని తెలుసుకుని, దాన్ని బట్టి రెండు ఫైళ్లలో ఒకదాన్ని రిక్వైర్ చేస్తుంది. బ్రౌజర్లో రిక్వైర్ లేదు, ప్రాసెస్ లేదు. అడ్రస్ ఎంత సరిగ్గా చెప్పినా ఈ ఫైలు నడవదు. కాబట్టి సర్వర్ దాన్ని ముందే చదివి, ఆ షరతుని తేల్చేసి, రిక్వైర్లన్నీ కలిపి కుట్టి, కొత్త పద్ధతి మాడ్యూల్‌గా మార్చి దాచుకోవాలి. వీట్ చాలాకాలం ఈ పనికి ఈఎస్‌బిల్డ్ అనే వేగమైన టూల్‌ని వాడింది. మార్చిన ఫైళ్లను నోడ్ మాడ్యూల్స్‌లోనే ఒక చుక్క ఫోల్డర్లో దాస్తుంది. మొదటిసారి సర్వర్ లేచినప్పుడు కాసేపు ఆలోచిస్తున్నట్టు ఉంటుందే, అది ఈ కుట్టుపనే. ఆ సమయంలో నెట్ వాడుతోందని చాలామంది అనుకుంటారు. వాడదు.

కుట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. లోడాష్ లైబ్రరీ కొత్త పద్ధతి ప్యాకేజీలో ఆరు వందలకు పైగా చిన్న ఫైళ్లున్నాయి. ఒక్క ఫంక్షన్ కోసం దాని గుమ్మం తట్టినా బ్రౌజర్ అన్నిటినీ విడివిడిగా అడుగుతుంది. ఒక ఫైలు చదివితేగానీ తర్వాతి ఫైలు ఏదో తెలియదు కాబట్టి, లోకల్‌హోస్ట్ మీద కూడా పేజీ నెమ్మదిస్తుంది. అన్నీ కలిపి ఒకటి చేస్తే ఒక్కసారి అడిగితే సరి.

ఒకే లైబ్రరీ, రెండు ప్రాణాలు

పాఠాల్లో పెద్దగా చెప్పని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. బ్రౌజర్ మాడ్యూల్‌ని గుర్తుపట్టేది అడ్రస్‌ని బట్టే. అడ్రస్ ఒకటే అయితే పదిమంది ఇంపోర్ట్ చేసినా మాడ్యూల్ ఒక్కసారే నడుస్తుంది, అందరికీ అదే అందుతుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా, చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో వెర్షన్ నంబరు తగిలించినా, అది వేరే మాడ్యూల్. ఫైలు అదే అయినా రెండోసారి మొదటి నుంచి నడుస్తుంది. దానికి సొంత జ్ఞాపకం ఉంటుంది.

రియాక్ట్ పేజీలో హుక్స్ (రియాక్ట్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్లు) తప్పుగా వాడారన్న ఎర్రర్ వచ్చిందనుకోండి. కోడ్‌లో హుక్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు పేజీలో రెండు రియాక్ట్‌లు ఉన్నాయేమో చూడాలి. ఒకటి మన కోడ్‌ది, ఇంకోటి ఏదో లైబ్రరీ తన నోడ్ మాడ్యూల్స్ నుంచి తెచ్చుకున్నది. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, లిస్టులో రియాక్ట్ పేరుతో ఎన్ని అడ్రస్‌లున్నాయో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. కావాలనే రెండు వెర్షన్లు పెట్టుకోవాల్సి వస్తే ఇంపోర్ట్ మ్యాప్‌లో ‘స్కోప్స్’ అని ఒక ఏర్పాటుంది. ఫలానా ఫోల్డర్ నుంచి అడిగితే ఈ వెర్షన్, మిగతా చోట్ల ఆ వెర్షన్ అని రాసుకోవచ్చు.

సీడీఎన్ ఉండగా ఇదంతా ఎందుకు?

పిల్లలు ఎప్పుడూ అడిగేదే ఈ ప్రశ్న. నిజమే, ఈఎస్ఎం డాట్ ఎస్‌హెచ్ లాంటి సీడీఎన్‌లు, అంటే లైబ్రరీ ఫైళ్లను నెట్ మీద నేరుగా అందించే సర్వర్లు, పైన చెప్పిన వెతుకులాట, మార్పిడి అన్నీ తామే చేసి సిద్ధమైన మాడ్యూల్ అడ్రస్ ఇస్తాయి. ఒక వరుస రాస్తే చాలు. చిన్న ప్రయోగాలకు నేనూ అదే వాడమంటాను. కానీ నెట్ పోయిన క్షణాన ఆ వరుస పనిచేయదు. ‘ఒకసారి దిగితే బ్రౌజర్ క్యాషేలో ఉంటుంది కదా’ అంటారు. ఉంటుంది, ఉండకపోవచ్చు కూడా. క్యాషే బ్రౌజర్ ఇష్టం, ఎప్పుడైనా ఖాళీ చేస్తుంది. ఇంకో సైటులో దిగిన అదే ఫైలు మనకూ పనికొస్తుందన్నది కూడా పాత మాట. వాడేవాళ్ల జాడ పట్టుకోకుండా ఉండేందుకు క్రోమ్ 2020 నుంచి ఏ సైటు క్యాషే ఆ సైటుకే అని విడగొట్టేసింది.

నమ్మకం సంగతి కూడా ఉంది. 2024 జూన్‌లో పాలీఫిల్ డాట్ ఐవో వ్యవహారం బయటపడింది. లక్షకు పైగా సైట్లు నేరుగా వాడుకుంటున్న ఆ డొమైన్ చేతులు మారింది, ఆ తర్వాత అది పంపే కోడ్‌లో దురుద్దేశంతో పెట్టిన ముక్కలు కనిపించాయి. సైట్ల యజమానులు తమ ఫైళ్లలో ఒక్క అక్షరం మార్చలేదు. అటువైపు మారింది, అంతే. మన డిస్క్ మీదున్న కాపీ మనం మారిస్తేనే మారుతుంది. దీనర్థం ఎన్‌పీఎం నుంచి వచ్చేదంతా శుద్ధమని కాదు. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్యాకేజీలోకి, 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ లాంటి బాగా వాడే ప్యాకేజీల్లోకి చెడ్డ కోడ్ చొరబడింది. కానీ వెర్షన్‌ని బిగించి, ఏయే వెర్షన్లు దింపామో రాసుండే లాక్ ఫైలుతో సహా ఉంచుకుంటే ఏం తెచ్చుకున్నామో కనీసం తెలుస్తుంది. ఆ లాక్ ఫైల్లో ప్రతి ప్యాకేజీ పక్కన ఒక పొడుగాటి ముద్ర ఉంటుంది. వచ్చిన ఫైలు ముద్రకి సరిపోకపోతే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ చేయదు.

నెట్ కావలసిన ఆ ఒక్క ఘట్టం

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం, లైబ్రరీలు తెచ్చుకోవడం. ఎన్‌పీఎం ఒకసారి దింపిన ప్రతి ప్యాకేజీని యూజర్ ఫోల్డర్లో ఒక దాచుడు చోట ఉంచుకుంటుంది. నోడ్ మాడ్యూల్స్ తుడిచేసినా అది పోదు. లాక్ ఫైలు ఉండి, ఇన్‌స్టాల్ కమాండ్‌కి ‘ఆఫ్‌లైన్’ అనే ఫ్లాగ్ తగిలిస్తే నెట్‌ని ముట్టుకోకుండా ఆ దాచుకున్న వాటితోనే మొత్తం తిరిగి కడుతుంది. ‘ప్రిఫర్ ఆఫ్‌లైన్’ అని ఇంకో ఫ్లాగుంది. ఉన్నవి వాడి, లేని వాటికి మాత్రమే బయటికి వెళ్తుంది. మన నెట్ పరిస్థితికి ఇదే బాగా సరిపోతుంది, ఎందుకో పెద్దగా ఎవరూ వాడరు.

అరవై సిస్టమ్‌ల ల్యాబుకి ఇంకా మంచి మార్గం వెర్డాచియో అనే ప్యాకేజీల సర్వర్. ఇది ఉచితం. ఒక్క సిస్టమ్‌లో పెట్టి, మిగతావాటిని ఎన్‌పీఎం బదులు దాన్నే అడగమని చెప్పాలి. మొదటి విద్యార్థి ఒక ప్యాకేజీ అడిగినప్పుడు అది బయటి నుంచి తెచ్చి ఇచ్చి, ఒక కాపీ తన దగ్గర ఉంచుకుంటుంది. మిగతా యాభై తొమ్మిది మందికీ లోపలి కేబుల్ మీదే అందుతుంది. బయటి లైను మీద అరవై రెట్ల భారం పడేది ఒక రెట్టుకి దిగుతుంది. దీనికి కొత్త మెషీన్ కొననక్కర్లేదు, పాత డెస్క్‌టాప్ ఒకటి చాలు. ల్యాబులు నడిపేవాళ్లు దయచేసి దీని గురించి ఆలోచించండి.

పెన్‌డ్రైవ్‌లో నోడ్ మాడ్యూల్స్ ఎక్కించుకుని పంచుకోవడం మన పిల్లల సొంత పద్ధతి. తప్పు లేదు, కాకపోతే రెండు మాటలు. వేల చిన్న ఫైళ్లు విడివిడిగా కాపీ అవడానికి చాలాసేపు పడుతుంది, ముందు జిప్ చేసుకోవాలి. రెండోది, ఈఎస్‌బిల్డ్ లాంటి కొన్ని ప్యాకేజీలు ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టి వేర్వేరు ప్రోగ్రామ్ ఫైళ్లు తెచ్చుకుంటాయి. లినక్స్‌లో కట్టిన ఫోల్డర్‌ని విండోస్‌కి తెస్తే అవి నడవవు.

నిజంగా నెట్ లేకుండా నడుస్తోందా?

అన్నీ పెట్టాక పరీక్షించాలి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో ఆఫ్‌లైన్ అని ఒక ఎంపిక కనబడుతుంది, అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది. దానితో పరీక్షించొద్దు. అది లోకల్‌హోస్ట్‌ని కూడా ఆపేస్తుంది, బాగా నడుస్తున్న ప్రాజెక్టు కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. అది సర్వీస్ వర్కర్ ఉన్న పేజీలను పరీక్షించడానికి పెట్టింది. సర్వీస్ వర్కర్ అంటే వాడేవాళ్ల బ్రౌజర్లోనే కూర్చుని సర్వర్ లేకపోయినా పేజీని చూపించే ఏర్పాటు. మనం మాట్లాడుతున్నది సర్వరే మన సిస్టమ్‌లో ఉండటం గురించి. కాబట్టి వైఫైని నిజంగానే కట్టేసి, పేజీని గట్టిగా రీలోడ్ చేసి చూడాలి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో లోకల్‌హోస్ట్ కాని అడ్రస్ ఏదైనా ఎర్రగా కనబడితే అక్కడ బయటి ఆధారం దాక్కుని ఉన్నట్టు. ఎక్కువగా దొరికేది జావాస్క్రిప్ట్ కాదు, సీఎస్‌ఎస్ ఫైల్లో ఎక్కడో గూగుల్ ఫాంట్స్ నుంచి తెచ్చుకునే తెలుగు ఫాంటు. దాన్ని దింపి ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టుకుంటే సరి.

తోటివాళ్లకు చూపించాలంటే అదే రౌటర్ మీదున్న వేరే సిస్టమ్ నుంచి మన సర్వర్‌ని తెరవొచ్చు. రౌటర్‌కి బయటి నెట్ లేకపోయినా ఫర్వాలేదు. వీట్ లాంటివి మొదట లోకల్‌హోస్ట్‌కి మాత్రమే జవాబిస్తాయి, బయటివాళ్లకు తెరవాలంటే ‘హోస్ట్’ ఫ్లాగ్ ఇవ్వాలి. పైథాన్ సర్వర్ మాత్రం చెప్పకపోయినా అందరికీ తెరిచే ఉంచుతుంది. హాస్టల్ వైఫై మీద దాన్ని నడిపితే మన ఫోల్డర్లోని ఫైళ్ల జాబితా పక్క గదిలోవాళ్లకూ కనబడుతుంది, పాస్‌వర్డులు రాసుకున్న ఫైలుంటే అదీ కనబడుతుంది. ఏ ఫోల్డర్లో నిలబడి కమాండ్ కొడుతున్నారో చూసుకోండి.

ఇలా పక్క సిస్టమ్ నుంచి తెరిచినప్పుడు ఇంపోర్టులు, ఇంపోర్ట్ మ్యాప్ మామూలుగానే పనిచేస్తాయి. కొన్ని సౌకర్యాలు మాత్రం మాయమవుతాయి. లోకల్‌హోస్ట్‌ని బ్రౌజర్ సురక్షితమైన చోటుగా లెక్కిస్తుంది. 192.168తో మొదలయ్యే అడ్రస్‌ని ఎస్ లేని హెచ్‌టీటీపీలో తెరిస్తే అలా లెక్కించదు. లొకేషన్ అడగడం, సర్వీస్ వర్కర్, ఎన్‌క్రిప్షన్ ఫంక్షన్లు, చివరికి యాదృచ్ఛిక ఐడీ ఇచ్చే చిన్న ఫంక్షన్ కూడా అక్కడ ఉండవు. మిర్చి పేజీ అమ్మాయి ప్రతి లాటుకీ ఆ ఫంక్షన్‌తోనే నంబరు ఇస్తుంటే, తన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన పేజీ వాళ్ల నాన్న ఫోన్లో తెరవగానే ఆగిపోతుంది. అప్పుడు మాడ్యూళ్లను అనుమానించి లాభం లేదు. లోకల్ సర్టిఫికెట్ ఒకటి తయారు చేసుకుని హెచ్‌టీటీపీఎస్‌లో సర్వ్ చేయాలి, లేదంటే లాటు నంబరుకి తేదీనీ వరుస సంఖ్యనూ కలిపి వాడుకోవాలి. యార్డు లెక్కలకు ఆ రెండోదే చాలు.